ప్రయాణపు పనస

కోసిన అనాసపండు తలను కుండీలో నాటి, పండుకొఱకు రెండేండ్ల నాలుగు మాసములు కాచుకొన్న కథ

ఆషాఢమాసమున సింహాచలము కొండ దిగివచ్చు బాట ప్రక్కన గంపలనిండ అనాసపండ్లు పేర్చుకొని కూర్చుండు స్త్రీల చేతి పనితనమును ఎన్నడైనను నిలిచి చూచినవారికి, ఆ కత్తి తొలివేటు తప్పక పండు తలమీదనే పడునను సంగతి తెలిసియే యుండును. "తల కొట్టీమంటారా బాబూ?" అని అడుగుట ఒక మర్యాద మాత్రమే, మనము ఊకొట్టునంతలోనే ఆ పచ్చని ముండ్లకిరీటము ప్రక్కనున్న కుప్పమీదికి ఎగిరి పడును, సాయంకాలమునకు దానిని ఏ ఆవో రెండు నమలులు నమిలి విడిచిపెట్టును. మూడేండ్ల క్రిందట ఒకనాడు నేను వారిలో ఒకామె చేయి పట్టినంత పని చేసి, "ఉండనియ్యమ్మా, నాకు తలే కావాలి" అంటిని. ఆమె కత్తి దించి, నన్ను ఎగాదిగా చూచి, "తలతో ఏటి సేత్తారు బాబూ, తలకాయ కూరొండుతారా?" అని ప్రక్కగంప ఆమెతో కలిసి నవ్వినది. ఆ నవ్వునకు సమాధానము చెప్పుటకు నాకు రెండేండ్ల నాలుగు మాసములు పట్టినది.

ఆ తల యనునది వాస్తవముగా నేమియో ముందు చెప్పవలెను. మామిడిపండు కాడ చివర కాయును. అచ్చటితో ఆ రెమ్మ కథ ముగియును. అనాస యట్లు కాదు. మొక్క నడిమినుండి లేచిన దండము నూరు మొదలు రెండువందల దాక పూవులను తనచుట్టు పొదుగుకొని, ఆ పూవులన్నియు తమ అండాశయములతోను పూరేకుల క్రింది పత్రములతోను ఒండొంటితో కలిసి కండపట్టి ఒకే పండగునప్పటికి, తాను మాత్రము ఆ పండు నడుమనుండి నిట్టనిలువుగా దూసికొనిపోయి, మీద మరల ఆకులు తొడుగును. మనము నమలలేక ప్రక్కకు తీసివేయు గట్టి నడిమికాడయే ఆ దండము. పైని కిరీటము దాని కొనసాగింపు. కావున తల యనగా పండునకు పెట్టిన అలంకారము కాదు. వేరొక్కటి తక్క సర్వాంగములును గల మొక్క. తెలుగున పిలక యను మాట తలమీది శిఖకును చెల్లును, తల్లిమొదట పుట్టిన పిల్లమొక్కకును చెల్లును. ఆ రెండర్థములును ఒక్కచోట కుదిరిన సందర్భము నాకు అనాసయందు తప్ప మఱెక్కడను కనబడలేదు.

మఱి విత్తనముల సంగతి? అనాసకు తన రకపు పుప్పొడి తనకే పట్టదు. ఒకే రకమునకు చెందిన మొక్కలు వేయియున్నను, వానిలో ఒకదాని పుప్పొడి మఱొకదానిని ఫలింపజేయదు. ఫలింపకయే పండగును, కనుకనే మనము గింజలు ఉమియనక్కఱలేక తినుచున్నాము. రెండు వేఱు రకములు చేరువనుండి, వాని నడుమ తేనెపిట్ట తిరిగినచో గింజలు పడును. ఈ భయముచేతనే హవాయి దీవులవారు హమ్మింగుపిట్టను తమ గడ్డమీదికి రానీయకుండ చట్టము చేసికొనిరి. పాపము, ఆ చిన్ని పిట్టకు అంతటి ప్రతాపము కలదని దానికే తెలియదు. కాగా, మనము తినుచున్న అనాస యెల్లను పిలకనుండి పిలకకు, తలనుండి తలకు చేతులు మారుచు వచ్చినదే.

ఓడ దిగిన తల

ఈ మొక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికాఖండము. అచ్చటి తూపీజాతివారు దీనిని ననా యనిరి; పోర్చుగీసువారి నోట అది అననాస్ అయినది; మన నోట అనాస. ఐరోపావారిలో దీనిని మొట్టమొదట చూచినవాడు కొలంబసు: తన రెండవ యాత్రలో, 1493 నవంబరు 4వ తేదీన గ్వాడెలూప్ దీవిలో దిగినప్పుడు. పిమ్మట నొక నూఱేండ్లు గడవకమునుపే ఇది పోర్చుగీసువారి యోడలలో మన పడమటితీరమునకు వచ్చి చేరినది.

ఇంత వేగముగ నెట్లు వచ్చినది? మామిడి మొక్కను నెలలతరబడి సముద్రముమీద తెచ్చుట యెంత కష్టమో ఊహింపవచ్చును. అనాస తలకు మన్ను వలదు, నీరు వలదు; కోసి ఓడ మూలను పడవైచినను తన దళసరి ఆకులలోని తడిని పిసినారి పైకము దాచినట్లు దాచుకొని వారములకొలది ప్రాణము నిలుపుకొనును. పెద్ద రేవునుండి చిన్న రేవునకు, దీవినుండి దీవికి ఇది వ్యాపించినది ఎవరి ఉద్యానప్రణాళికవలనను గాదు. తిని పారవేయదగిన వస్తువే నాటదగిన వస్తువు కూడ నగుటవలన.

మొగలు దర్బారునందలి అబుల్ ఫజలు ఈ గుణమును చక్కగ పట్టుకొన్నాడు. 16వ శతాబ్ది చివర సంతరించిన ఐనీ అక్బరీలో ఆయన అనాసను చెప్పుచు, దీనికి 'కట్‌హల్-ఎ-సఫరీ' యను పేరు కూడ కలదనియు, లేతమొక్కను పాత్రలో పెట్టి ప్రయాణమున వెంట గొనిపోయినను అది పండ్లనిచ్చునుగాన ఆ పేరు వచ్చినదనియు వ్రాసినాడు. కట్‌హల్ అనగా పనస. సఫరీ అనగా ప్రయాణమునకు సంబంధించినది. ప్రయాణపు పనస! కుండీలో అనాస పెంచుట మన మేడయిండ్ల వసారాలలో పుట్టిన వింత గాదనియు, అక్బరునాటికే లోకమెఱిగిన వ్యవహారమనియు చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు. అక్బరు కుమారుడు జహంగీరు తన స్వీయచరిత్రలో ఈ పండు పరిమళమును మెచ్చుకొని, ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటేట కొన్ని వేలు పండుచున్నవని వ్రాసికొన్నాడు. యమునాతీరపు చలికిని వడగాలికిని ఓర్చి వేలకొలది పండినది, విశాఖపట్టణపు ఉప్పుగాలిలో ఒక్కటి పండదా యని నాకు ధైర్యమిచ్చిన వాక్యమది.

పనసతో పోలిక మొగలులకే తోచినది గాదు. మన పాతవారు దీనిని అనాసపనస యనిరి. మలయాళీలు కైతచక్క యనిరి, అనగా మొగలిపనస: ఆకు చూడ మొగలి, పండు చూడ పనస. శాస్త్రదృష్టిని చూచినను ఈ పోలిక వట్టి కంటిపోలిక గాదు. పనసయు, అనాసయు పెక్కు పూవులు కలిసి ఒక్క పండైన సంయుక్తఫలములే. పేరు పెట్టిన పల్లెవానికి వృక్షశాస్త్రము రాకపోవచ్చును గాని కన్ను కలదు.

ఇక ఐరోపాలో ప్రభువులును వర్తకులును ఈ పండునకై పడిన పాట్లు నవ్వు పుట్టించును. మంచుదేశమున దీనిని పండించుటకై గాజుకప్పుల క్రింద గోతులు త్రవ్వి, తోళ్లు పదునుచేయువారు వాడి పారవైచిన ఓకుచెట్టు బెరడును వానిలో నింపి, అది క్రుళ్లునపుడు పుట్టు వెచ్చదనమున కుండీలను పాతిపెట్టి, కాపలా పెట్టి, కన్నబిడ్డను సాకినట్లు సాకిరి. రిచ్‌మండులో మాథ్యూ డెక్కరను వర్తకుని తోటలో నట్లు పండిన పండునకు 1720లో చిత్రపటము వ్రాయించిరి. అది నేటికిని కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలలో నున్నది. మనవారు మహారాజులకు వ్రాయించు పటములను వారు పండునకు వ్రాయించిరి. ఆ పండు తల ఏమి చేసిరో చిత్రకారుడు చెప్పలేదు.

నాటువిధము

పండు కొనునపుడు తల చూచి కొనవలెను. ఆకులు పచ్చగ బిగువుగ నుండవలెను. నడిమి లేతాకులు వడలినను, లాగినంతనే ఊడివచ్చినను అది పనికిరాదు. కత్తితో నఱుకుటకన్న మెలిపెట్టి తీయుట మేలు: ఒక చేత పండును, ఒక చేత తలను గట్టిగ పట్టి, తడిబట్ట పిండినట్లు త్రిప్పినచో, తల తన మొదటి కాడతో సహా శుభ్రముగ ఊడివచ్చును. మెలిపెట్టుటకు బలము చాలక కత్తిని ఆశ్రయించితిరా, అంటుకొనివచ్చిన కండను పిసరంతయు మిగులకుండ గీకివేయవలెను.

ఈ చివరిమాట నేను స్వానుభవమున నేర్చినది. ఆ పండ్లమ్మునామె నవ్వుచు ఇచ్చిన మొదటి తలను ఇంటికి తెచ్చి, ఆనాడే, అప్పుడే, కండతో సహా కుండీలో పాతి, చెంబెడు నీరు పోసి, మఱునాడు మఱొక చెంబు పోసితిని. పదియవనాటికి కుండీచుట్టు చీమలు బారులు తీరినవి. ఇంటిలో ఎచ్చటనో కల్లు పులిసినట్లు వాసన వేసినది. లాగి చూడగా క్రింద నల్లని మెత్తని ముద్ద. "మీకు అంత తొందరేవిటండీ?" అని మా ఇంటావిడ ముక్కుమీద వేలు వేసికొన్నది. ఆ నెలలోనే మఱొక తలను సంపాదించి, ఈమాఱు బుద్ధిగా నడచుకొంటిని.

బుద్ధిగా నడచుకొనుట యనగా నిది. తలను తెచ్చిన పిదప అడుగుననున్న చిన్న ఆకులను ఒక్కొక్కటిగా క్రిందికి ఒలిచివేయవలెను. అంగుళము, అంగుళమున్నర మేర కాడ బోడిగ కనబడవలెను. ఆ బోడికాడమీద గోధుమవన్నె పొక్కులు వరుసలుగ నుండును. రోగమేమోయని బెదరవలదు, అవి వేరుమొలకలు. కిరీటము పండుమీద కూర్చున్ననాడే వేళ్లు సిద్ధము చేసికొని యున్నది! పిమ్మట దానిని నీడపట్టున, గాలి తగులుచోట, తలక్రిందులుగ వ్రేలాడదీసి నాలుగైదు దినములు, వానకాలమైనచో వారమునాళ్లు, ఎండనీయవలెను. గాయము మానుటకు పట్టు గడువది. ఓడమూల వారములకొలది గడపినదానికి మీ వంటింటి కిటికీలో వారమొక లెక్క కాదు. నీళ్లగ్లాసులో నిలిపి వేళ్లు తెప్పించువారును కలరు. పిల్లలకు వేళ్లు చూచుట వేడుక యగునుగాని, నీరు రెండునాళ్లు మార్చుట మఱచిన క్రుళ్లుట నిశ్చయము. నేను మన్నునే నమ్ముదును.

మన్ను విషయమున దీని రుచులు వేఱు. దీనికి పులుపునేల యిష్టము, సున్నపునేల గిట్టదు; నీరు నిలిచినచో గుండె క్రుళ్లి చచ్చును. సీతంపేట మన్యమున సవరలు కొండవాలులమీద అనాస పండించుటయు, కృష్ణా గుంటూరు మండలముల నల్లరేగడిలో అది కానరాకుండుటయు ఈ కారణముననే. కుండీకి రెండుపాళ్లు ఎఱ్ఱమన్ను, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగుగ మాగిన పశువుల యెరువు లేక ఆకుల యెరువు చాలును. అడుగున తూటు తప్పక యుండవలెను. మొదట ఎనిమిదంగుళముల కుండీ; ఏడాది నిండినపిదప పదునాలుగంగుళములది. అంగుళమున్నర లోతున నాటి చుట్టును మన్నదుమవలెను గాని, నడిమి లేతాకుల గుంటలో మన్నుపడనీయరాదు. నెలన్నర రెండునెలలకు ఆకు పట్టి మెల్లగ లాగినప్పుడు మొక్క మన్నును విడువక బిగబట్టినచో వేళ్లు దిగినవని యర్థము.

అటుపిమ్మట ఎండ పుష్కలము, నీరు మితము. వారమునకొకమాఱు, మీదిమన్ను పొడిబారినపిదప, తడుపుట చాలును. రాయలసీమ, తెలంగాణములలో రోహిణికార్తె ఎండకు ఆకులు మాడునుగాన మిట్టమధ్యాహ్నపు వేళ కొంత చాటు కావలెను. మంచుకురియు అమెరికా రాష్ట్రములలో నున్న మనవారు చలికాలమంతయు కుండీని ఇంటిలోనికి తెచ్చి వెలుతురుండు కిటికీకడ పెట్టుకొనవలసినదే. ప్రయాణపు పనసగదా, కుండీతో సహా కదలుటకది వెనుదీయదు.

నా మొక్కకు మొదటి వేసవిలో లేతాకులు పాలిపోయి పసుపువన్నెకు తిరిగినవి. యెరువు తక్కువైనదని తలచి యెరువు వేసితిని, ఇంకను పాలిపోయినవి. దోషము మా గొట్టపుబావి నీటిది. సున్నము మిక్కుటమైన నీరు తగిలి మన్నులోని ఇనుము వేరునకు అందక పోయినది. నర్సరీవారు చెప్పగా లీటరు నీటికి రెండు గ్రాముల అన్నభేదియు చిటికెడు నిమ్మ ఉప్పును కలిపి, సాయంకాలముల ఆకులమీద పదిదినములకొకమాఱు చిలుకరించితిని. మూడవ విడతకు పచ్చదనము మరలి వచ్చినది. ఆకు మొదళ్ల సందులలో నిలిచిన నీటిని కూడ ఈ మొక్క పీల్చుకొనును, అచ్చటను దీనికి సన్నని వేళ్లుండును; కావున పలుచని యెరువునీటిని ఆ సందులలో పోయుటయు కద్దు. పిండినల్లి పట్టినచో ముందు చీమలను వెదకుడు. దానిని మోసికొనివచ్చి కాపాడునవి చీమలే. వేపనూనె కలిపిన నీరు కొట్టిన పోవును.

రాత్రి ఊపిరి, పగటి మౌనము

ఇంత తక్కువ నీటితో ఇది ఎట్లు బ్రతుకును? తక్కిన మొక్కలలో పెక్కు పగటివేళ ఆకుల రంధ్రములు తెఱచి గాలి పీల్చుకొనుచు, ఆ తెఱచిన వాకిళ్లగుండనే తడిని పోగొట్టుకొనుచుండగా, అనాస పగలెల్ల తలుపులు మూసికొని, చల్లని రాత్రి తెఱచి, పీల్చిన బొగ్గుపులుసువాయువును ఆమ్లరూపమున ఆకులలో దాచియుంచి, మఱునాటి వెలుతురున దానితో ఆహారము వండుకొనును. కనుక దీని ఆకు తెల్లవారుజామున పుల్లగ నుండి, ప్రొద్దెక్కినకొలది పులుపు వాయును.

ఈ రహస్యము తొలిజాడలలో నొకటి మన తెలుగునేలతో ముడివడియున్నది. గోదావరిమండలపు సామర్లకోటలో రాక్స్‌బర్గుపండితుని పిదప కుంఫిణీవారి తోటను చూచుకొన్న బెంజమిన్ హెయిన్ అనువాడు రణపాలాకు నమలి, ఉదయమున పుల్లగను, మధ్యాహ్నమున చప్పగను, సాయంకాలమున కొంచెము చేదుగను ఉన్నదని గమనించినాడు. ఆ మాట 1815లో లండనునందలి లినేయను సమాజపు సంచికలో అచ్చయినది. మన పెరటిలో, ఆకు పారవైచినను మొలకెత్తు ఆ రణపాలకును, తల పారవైచినను మొలకెత్తు ఈ అనాసకును రాత్రి ఊపిరి యను గుణమొక్కటే. హెయిన్ నాలుక లేకున్న ఎన్నాళ్లకు తెలియునో!

ఇక నా మొక్కకు రెండవ శీతకాలము గడచినది. మొక్క మూడడుగుల మేర చేతులు చాచి వసారాలో త్రోవకడ్డముగ నిలిచినది. ముండ్లు చీరచెఱగు పట్టుకొన్నప్పుడెల్ల నాకు చీవాట్లు. ఆకులు లెక్కింపగా నలుబదికి మించినవి. అయినను పూతజాడ లేదు.

ఇచ్చట పొగకథ యొకటి చెప్పవలెను. 1874 ప్రాంతమున అజోర్సు దీవులలో గాజుగృహములలో అనాస పెంచువారొకరు పురుగుల బాధకో చలిబాధకో లోపల పొగపెట్టగా, పొగతగిలిన మొక్కలన్నియు ఒక్కుమ్మడిగ పూతకు వచ్చినవట. ఆ పొగలోని ఇథిలీను వాయువే దీనికి కారణమని పిమ్మట తేలినది. మనవారు అరటిగెలలను గదిలో వైచి పొగబెట్టి మాగబెట్టుట తరతరములనుండి యెఱిగినదే. ఆ పొగయు ఈ పొగయు ఒక్కటే, ఒకచోట పండు మాగును, ఒకచోట పూవు పుట్టును. తోటలవారు నేడు ఇథిలీనునిచ్చు మందును కలిపి మొక్కగుండెలో పోయుదురు. నేను మాత్రము మార్చినెలలో బాగుగ మాగిన నాలుగు అరటిపండ్లను మొక్కమొదట పెట్టి, కుండీని నీడకు జరిపి, మొక్కకంతకును పెద్ద ప్లాస్టికుసంచి తొడిగి ఆఱుదినములు కట్టియుంచితిని. ఏడాదిన్నరకు తక్కువ వయసు మొక్కకు ఈ పని చేయరాదు. చేసినచో నిమ్మకాయంత పండు కాయును.

మే మాసాంతమున ఆకులనడుమ కుంకుమవన్నె తొడిగినది. మొదట ఎండదెబ్బ యనుకొంటిని. వారమునకది అంగుళమెత్తు లేచి, ఎఱ్ఱని పొలుసులనడుమనుండి నీలారుణవర్ణపు చిన్నిపూవులను క్రిందివరుసనుండి మీదికి దినమునకు కొన్నిచొప్పున విప్పనారంభించినది. ఏ పూవునకును ఒకనాటికన్న నాయువు లేదు. ఆ పూవుల వరుసలే తరువాత పండుమీది కన్నులగును. వానిని ఏటవాలుగ లెక్కించినచో ఒకవైపు ఎనిమిది, ఎదురువైపు పదుమూడు వరుసలు వచ్చును. ఈ యెనిమిదియు పదుమూడును ఛందశ్శాస్త్రమెఱిగినవారికి క్రొత్తవి కావు: అయిదుమాత్రల గణములు ఎనిమిది, ఆఱుమాత్రల గణములు పదుమూడు, విరహాంకుడును హేమచంద్రాచార్యుడును చెప్పిన ప్రస్తారసంఖ్యలివి. పండునకు ఛందస్సు ఎవరు నేర్పిరో నేను వాదింపను, లెక్క మాత్రము మీరును పెట్టి చూడవచ్చును.

కార్తికమాసమున పండు మొదటినుండి మీదివఱకు పసుపు తిరిగినది. తూచగా ముప్పాతిక కిలో. బజారున కొన్న దానిలో సగముకూడ లేదు. ఇరువదియెనిమిది నెలల సేవకు ముప్పాతిక కిలో యని లెక్కగట్టువారు ఈ పనికి పూనుకొనవలదు, కొనుక్కొని తినుటయే వారికి లాభము. కాని యొక మాట. అనాస కోసినపిదప రంగు మారునే గాని తీపెక్కదు. మామిడివలె, అరటివలె తనలో పిండి దాచుకొని తరువాత దానిని చక్కెరగ మార్చుకొను గుణము దీనికి లేదు. దూరపు బజారులకు పంపువారు పావువంతు పసుపెక్కగనే కోయక తప్పదు. చెట్టుననే పూర్తిగ పండిన దానిని తినుభాగ్యము తోటవానికిని, కుండీవానికిని తప్ప వేఱొకరికి లేదు. మా యింట ఉప్పద్దుకొనక అనాస తిన్నది ఆనాడే. మాంసకృత్తులను కరగించు దాని పసరు నాలుకను గీరకపోలేదు గాని, ఎవరును ఆ సంగతి పైకెత్తలేదు.

కాచిన తల్లి అరటివలె మరల కాయదు. దాని మొదట రెండు పిలకలు లేచినవి; చెఱకురైతులు కార్శితోట నుంచినట్లు ఒకదానిని అచ్చటనే యుంచి, రెండవదానిని మేనకోడలికి ఇచ్చితిని. కిరీటమును మెలిపెట్టి తీసి, వంటింటి కిటికీకి వ్రేలాడదీసి, అయిదవనాడు నాటితిని.

మొన్న ఆషాఢమున మరల కొండదారిని పోయినప్పుడు ఆ పండ్లమ్మునామెకు ఈ కథ చెప్పితిని. ఆమె నమ్మినదో లేదో తెలియదు గాని, కత్తి ప్రక్కనపెట్టి మెలిపెట్టి తీసిన తలలు మూడు నా సంచిలో వేసినది, ఖరీదు పుచ్చుకొనలేదు. వానిలో రెండు నాటినాను. మూడవది ఎవరైన పాఠకులు అడిగినచో ఇచ్చుటకు సిద్ధముగ నున్నది. వారమునాళ్లలోగా వచ్చి పట్టుకొనిపోవలెను.